పిల్లల వకీళ్లకు ట్రామా శిక్షణ: హన్మకొండ వర్క్‌షాపు పనికొస్తుందా?

హన్మకొండలో, అదాలత్‌ నుంచి నడిచిపోయేంత దూరంలో, పిల్లల మనసుకు తగిలే గాయం, అంటే ట్రామా, గురించి వకీళ్లకు శని ఆదివారాలు రెండు రోజులు జరిగే శిక్షణ ఇది. పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) కేసుల్లో బాధిత పిల్లల పక్షాన నిలబడేవాళ్లు, జువెనైల్ జస్టిస్ బోర్డులో ఆరోపణ ఎదుర్కొనే పిల్లల తరఫు వకీళ్లు, లీగల్ ఎయిడ్ ప్యానెల్ వాళ్లు, ఒకరిద్దరు ఫ్యామిలీ కోర్టు వాళ్లు కలిపి బ్యాచ్‌కు ముప్పై మంది. ఫీజు 1,200 రూపాయలు. రెండు మధ్యాహ్నాల భోజనం, ఓ ఫైలు నిండా కాగితాలు అందులోనే. ఇవే కేసులు చూసేవాళ్లం కొందరం కలిసి రాస్తున్న సమీక్ష ఇది కాబట్టి తీర్పు ముందే చెప్పేస్తాం. మొదటి రోజు పొద్దుటి పూట పోకున్నా పెద్ద నష్టం లేదు. రెండో రోజు ఒక్కటే ఆ 1,200కు సరిపోతుంది. ఉన్న లోట్లలో పెద్దది ఒకటి: కాగితాలన్నీ ఇంగ్లిషులో ఆలోచించి రాసినవి. కోర్టులో పిల్లలు మాట్లాడేది మన దిక్కు తెలుగు.

మెదడు బొమ్మలతో మొదలుపెడతారు. అమిగ్డలా ఎక్కడుంటుంది, హిప్పోక్యాంపస్ ఏం చేస్తుంది, కార్టిసాల్ ఎప్పుడు పెరుగుతుంది... రెండున్నర గంటలు. వకీలుకు అందులోంచి కావలసినవి నాలుగు ముక్కలే, అవి మాత్రం గట్టివి. భయం ముంచుకొచ్చినప్పుడు మనసు దేన్ని పట్టుకుంటే అదే బలంగా నిలుస్తుంది, మిగతాది జారిపోతుంది. బీడీ వాసన, తిరిగే ఫ్యాను, చెవిలో అన్న ఒక్క మాట గుర్తుంటాయి. తారీఖు, అంగీ రంగు, ఏది ముందు ఏది వెనక అన్నది ఉండకపోవచ్చు. క్రాస్ ఎగ్జామినేషన్ (సాక్షిని ఎదుటి వకీలు ప్రశ్నించడం) సరిగ్గా ఈ రెండో రకం మీదే నడుస్తుంది.

రెండో ముక్క ఇంకా ముఖ్యం. ఒకే పని పదిసార్లు జరిగితే పిల్లల మనసులో పది జ్ఞాపకాలుండవు, అన్నీ కలిసి ఒకటవుతాయి. "ఎప్పుడు గట్లనే చేసేటోడు" అంటారు. పోలీసుల ముందు చెప్పినదాంట్లో ఒక రోజు వివరం, మేజిస్ట్రేట్ ముందు చెప్పినదాంట్లో ఇంకో రోజు వివరం వచ్చి కూర్చుంటుంది. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (నేర విచారణ పద్ధతి చట్టం) సెక్షన్ 180 కింద ఒకటి, 183 కింద ఒకటి, రెండూ పక్కపక్కన పెడితే వైరుధ్యం తయారు. ఇక్కడ శిక్షకులు చెప్పిన చిట్కా బాగుంది: "ఎన్నిసార్లు?" అని అంకె అడగొద్దు. "ఒక్కసారా, ఒక్కసారి కంటే ఎక్కువనా?" అని అడిగి, తర్వాత మొదటిసారి, చివరిసారి, బాగా గుర్తున్నసారి అని మూడుగా విడదీయాలి. పిల్లలు చెప్పిన అంకె ఒకసారి కాగితమెక్కిందంటే విచారణ అయ్యేదాకా మెడకు చుట్టుకుంటుంది.

అరవకపోవడం, గడ్డకట్టుకుపోవడం, నెలల తర్వాత చెప్పడం, చెప్పి మళ్లీ కాదనడం, జరిగింది చెప్తూ నవ్వడం: ఇవన్నీ వరుసగా వివరించారు. ఇవి ఉన్నంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదని, లేనంత మాత్రాన అబద్ధమని కాదని కూడా గట్టిగా చెప్పారు. చాలా శిక్షణల్లో ఈ రెండో మాట వినపడదు. వకీళ్లు గదిలోంచి బయటికి పోయి ట్రామా అనే మాటనే సాక్ష్యంలా వాడితే ఎదుటివాళ్లు ఒక్క ప్రశ్నతో పడగొడతారు.

మధ్యాహ్నం సెషన్ బిడ్డతో మొదటి భేటీ గురించి. ఇక్కడి నుంచి శిక్షణ గాడిన పడుతుంది. మొదటి సూత్రం: జరిగింది మళ్లీ చెప్పించొద్దు. ఎఫ్‌ఐఆర్, 183 వాంగ్మూలం, వైద్య నివేదిక ముందే చదువుకుని వెళ్లాలి. వకీలు కొత్తగా కథ రాబట్టబోతే రెండు నష్టాలు. బిడ్డకు అదే గాయం ఇంకోసారి. కోర్టులో "వకీలు నేర్పిచ్చిండు" అనే ఆరోపణకు తలుపు తెరిచినట్టు. పిల్లల్ని విచారించే పద్ధతుల్లో పేరున్న ఎన్‌ఐసీహెచ్‌డీ ప్రోటోకాల్‌ను పరిచయం చేస్తూనే, అది విచారణాధికారుల కోసం తయారైందని, వకీళ్లు అందులోంచి తీసుకోవలసింది మొదటి రెండు మెట్లేనని శిక్షకులు స్పష్టంగా చెప్పారు. ఒకటి నియమాలు: తెలియకపోతే "తెల్వదు" అనొచ్చు, నేను తప్పు చెప్తే సరిదిద్దొచ్చు. రెండోది, కేసుతో సంబంధం లేని మామూలు సంగతి మీద మాట్లాడించి చూడటం. బడికి పోయే దారి, నిన్నటి ఆట, ఏదైనా సరే. పిల్లల మాట తీరు, వాళ్లకు తెలిసిన మాటలు, ఎంతసేపు కూర్చోగలరన్నది అక్కడే తెలిసిపోతుంది.

ఆఫీసు ఏర్పాటు గురించి చెప్పినవి చిన్నచిన్నవే అయినా పనికొచ్చేవి. మధ్యలో టేబుల్ ఉండొద్దు. బిడ్డ తలుపు దిక్కు కూర్చోవాలి, పోవాలనిపిస్తే పోయే దారి కళ్లముందుండాలి. ముప్పై నలభై నిమిషాలకు మించొద్దు. ఫోన్ పక్కన పెట్టాలి, గుమాస్తా లోపలికి బయటికి తిరగొద్దు. ఓదార్పుకైనా తల నిమరొద్దు. "కళ్లు మూసుకుని దీర్ఘంగా ఊపిరి పీల్చు" అని చెప్పొద్దు; చీకట్లో జరిగిన సంగతి ఉన్న బిడ్డకు కళ్లు మూసుకోవడమే అసలు భయం. దానికి బదులు పాదాలు నేలకు ఆనించమనాలి, గదిలో కనిపించే ఐదు వస్తువుల పేర్లు చెప్పమనాలి, చల్లని నీళ్ల సీసా చేతికివ్వాలి. మాటలు ఆగిపోయి చూపు ఎక్కడో నిలిచిపోయినప్పుడు ప్రశ్న మీద ప్రశ్న వేయడం అస్సలు పనికిరాదు, ఆ సమయంలో వచ్చే జవాబులు దేనికీ పనికిరావు కూడా.

ఇవ్వకూడని హామీలు మూడు రాయించారు. వాడికి శిక్ష పడుతుంది. కోర్టుకు రావడం ఇదే చివరిసారి. నువ్వు చెప్పింది ఎవ్వరికీ చెప్పను. మూడూ మన చేతిలో లేనివే. మూడో దాని దగ్గర శిక్షణ పప్పులో కాలేసింది, ఆ సంగతి కిందికి వచ్చాక.

సపోర్ట్ పర్సన్ (కేసు నడిచినన్ని రోజులు బిడ్డకు తోడుండే మనిషి) గురించి అరగంట కేటాయించడం మెచ్చుకోవలసింది. 2020 పోక్సో నిబంధనల ప్రకారం బిడ్డ, తల్లిదండ్రుల సమ్మతితో చైల్డ్ వెల్ఫేర్ కమిటీ ఆ మనిషిని ఇవ్వొచ్చు. 2023 ఆగస్టులో బచ్‌పన్ బచావో ఆందోళన్ కేసులో సుప్రీంకోర్టు దీని మీద గట్టి ఆదేశాలిచ్చింది. పల్లెల నుంచి వచ్చే కుటుంబాలకు ఇలాంటి మనిషి ఉంటారనే తెలియదు. ఫైలు మొదటి పేజీలో సపోర్ట్ పర్సన్ పేరు, నియామకం తారీఖు రాసుకోమని, ఖాళీగా ఉంటే ఆ రోజే కమిటీకి అర్జీ పెట్టమని సలహా. తల్లే పక్కన కూర్చోవాలన్న రూలు లేదని కూడా నొక్కిచెప్పారు. చట్టం అంటున్నది బిడ్డ నమ్మే మనిషి అని. నిందితుడు తల్లి తోడబుట్టినవాడైతే తల్లి ముందు ఏ బిడ్డ నోరు తెరుస్తుంది?

ఇక రెండో రోజు. పొద్దుటి పూటంతా ప్రశ్నల మీదే. కాగితాల్లో ఇచ్చిన నమూనా ప్రశ్నలు చూస్తే నవ్వొస్తుంది: "దాని గురించి నాకు మరింత చెప్పగలవా?" పరకాల బిడ్డతో అట్లా ఎవరు మాట్లాడుతారు? "ఇంకేమైంది బిడ్డా? ఇంకా చెప్పు" అంటే సరిపోతుంది. అదృష్టం ఏంటంటే, ఈ సెషన్ నడిపిన కౌన్సెలర్ కాగితాలు పక్కన పెట్టి తెలుగులోకి దిగారు. ఆ మూడు గంటలే ఈ శిక్షణకు ప్రాణం.

మొదటి ముద్దాయి "కదా". "నువ్వు ఆ రోజు ఇంట్లనే ఉన్నవ్ కదా?" అంటే ఆరేళ్ల బిడ్డ ఏ పెద్దమనిషికైనా "ఆఁ" అంటుంది. అభ్యాసంలో ఒకరు ప్రశ్నలు వేస్తుంటే ఇంకొకరు బోర్డు మీద ప్రతి "కదా"కూ ఓ గీత గీస్తారు. చీఫ్ ఎగ్జామినేషన్‌లో (సాక్షిని పిలిచిన పక్షమే ముందు అడిగేటప్పుడు) జవాబు సూచించే ప్రశ్నలు ఎట్లాగూ వేయకూడదు, అయినా పదేళ్ల సీనియారిటీ ఉన్నవాళ్లకు కూడా ఐదు నిమిషాల్లో పదికి పైగా గీతలు పడ్డాయి. నాలుక అలవాటు అది. చెప్తే పోదు, లెక్కపెడితేనే పోతుంది.

తర్వాతిది ఇంకా ప్రమాదం. "నువ్వు ఆ రోజు బడికి పోలేదా?" అని అడిగితే బిడ్డ "ఆఁ" అంటుంది. తెలుగులో దానర్థం అవును, పోలేదు అని. చాలా కోర్టుల్లో వాంగ్మూలం ఇంగ్లిషులో టైపవుతుంది. అక్కడ "యెస్" అని పడితే అర్థం తలకిందులై, బడికి పోయినట్టయి కూర్చుంటుంది. అందుకే వ్యతిరేక ప్రశ్న అసలు వేయొద్దు. ఎదుటివాళ్లు వేస్తే వెంటనే లేచి జవాబు పూర్తి వాక్యంగా రాయించమని కోరాలి. ఈ ఒక్క సంగతి ఇంగ్లిషులో తయారైన శిక్షణల్లో మామూలుగా దొరకదు.

"మొన్న" కూడా అంతే. పెద్దలకు నిన్నటికి ముందు రోజు. పిల్లలకు ఆర్నెల్ల కిందటిదైనా మొన్ననే. చుట్టరికాల మాటలు మరో చిక్కు. "మామ అచ్చిండు" అంటే మేనమామనా, అత్త భర్తనా, పక్కింటాయననా? మన దిక్కు "బాపు" అంటే తండ్రి, కొన్ని ఇండ్లల్ల తాతను కూడా అట్లనే పిలుస్తరు. "అవ్వ" అంటే ఒకింట్ల తల్లి, ఇంకో ఇంట్ల నానమ్మ. అట్లాంటప్పుడు "ఆ మామ పేరేంది? ఏడ ఉంటడు?" అని మొదటిసారే తేల్చుకుని రికార్డులోకి ఎక్కించాలి. జరిగినదాన్ని "గలీజ్ పని", "పాడు పని" అని బిడ్డ అంటే, డిక్టేషన్‌లో అది చట్టం భాషలోకి మారిపోతుంది. తర్వాత క్రాస్‌లో ఆ చట్టం మాటకు అర్థమేంటని బిడ్డనే అడుగుతారు. బిడ్డ అన్న మాటను ఉన్నదున్నట్టు కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి టైపు చేయించమని ఆ క్షణమే కోరాలని నేర్పారు.

తారీఖుకు బదులు పండుగను గుర్తుగా పెట్టుకోవడం మంచి పద్ధతే, కానీ ఏ పండుగ అన్నది చూసుకోవాలి. బతుకమ్మ ఏటా వస్తుంది, తొమ్మిది రోజులుంటుంది, పిల్లలకు బాగా గుర్తుంటుంది. మేడారం సమ్మక్క సారలమ్మ జాతర రెండేళ్లకోసారి, నడుమ ఏడాది చిన్న జాతర ఉంటుంది. "జాతరకు ముందా, తర్వాతా?" అని అడిగి ఏ జాతరో తేల్చకపోతే ఏడాది తేడా వస్తుంది. ఏడాది తేడా అంటే బిడ్డ వయసు పన్నెండు దాటిందా లేదా అన్నదాకా పోతుంది, అభియోగం సెక్షనే మారుతుంది.

"ఎందుకు" అనే మాటను ఎర్ర సిరాతో కొట్టేయించారు. "అమ్మకెందుకు చెప్పలే?" బిడ్డ చెవికి తిట్టులా పడుతుంది. "అప్పటి నుంచి అమ్మకు చెప్పేదాకా ఏమేం అయింది?" అంటే అదే సమాచారం తిట్టు లేకుండా వస్తుంది. ఒక ప్రశ్నకు ఒకే సంగతి, ఏడెనిమిది మాటలకు మించొద్దు. "నువ్వు మీ అమ్మకు చెప్పలేదని పోలీసులకు చెప్పినవని ఇక్కడ రాసి ఉందని..." లాంటి "అని" గొలుసులు పెద్దలకే సమజ్ కావు.

మధ్యాహ్నం మాక్ కోర్టు. బిడ్డ పాత్రకు సోషల్ వర్కర్‌ను పెట్టడం సరైన పని. నిజం పిల్లల్ని తెచ్చి కూర్చోబెట్టే శిక్షణలు కూడా ఉన్నాయి, అవి చూస్తే ఒళ్లు మండుతుంది. పోక్సో 33(2) ప్రకారం ఇరుపక్షాల ప్రశ్నలూ న్యాయస్థానం ద్వారానే బిడ్డకు చేరాలి. నిజానికి అది ఎంత తక్కువగా జరుగుతుందో అందరికీ తెలుసు. ఇక్కడ మాత్రం ప్రశ్నలు కాగితం మీద రాసి "జడ్జి"కి అందించాలి. తేలిన లోపం చూడండి: ప్రశ్నలు ఇంగ్లిషులో రాస్తే జడ్జి అక్కడికక్కడ తెలుగు చేసుకుంటారు, మళ్లీ "కదా" చొరబడుతుంది. ప్రశ్నల కాగితం తెలుగులోనే ఇవ్వాలి.

వాయిదాకు వారం ముందు వేయాల్సిన మెమో నమూనా కాగితాలన్నింటిలో విలువైనది. నిందితుడు కనపడకుండా తెర లేదా వీడియో (సెక్షన్ 36), బిడ్డ నమ్మే మనిషి పక్కన (33(4)), విరామాలు (33(3)), ఇన్ కెమెరా, అంటే బయటివాళ్లు లేకుండా మూసిన గదిలో విచారణ (37), విడి వెయిటింగ్ గది, ఆ రోజు జాబితాలో మొదటి పిలుపు, అన్నీ ఒకే పేజీలో. 2022లో స్మృతి తుకారాం బడాదే కేసులో బలహీన సాక్షుల (పిల్లల్లాంటి, తేలిగ్గా బెదిరే సాక్షుల) వాంగ్మూల కేంద్రాల మీద సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును కూడా అందులో పేర్కొన్నారు. తెర ఉన్నా ఏది చెడగొడుతుందో కూడా చెప్పారు: తెర వెనక నిందితుడి దగ్గు వినపడుతుంది, లేదా వరండాలో అదే బెంచీ మీద ఇద్దరూ ఎదురుపడతారు. నిందితుడిని గుర్తించే ఘట్టం చివర్లో పెట్టాలి, మొదట్లో పెడితే తర్వాతి ప్రశ్నలన్నీ వృథా. విరామానికి బిడ్డ చేతిలో రంగు కార్డు ఇవ్వడం మంచిదే, కానీ ముందు రోజు ఖాళీ కోర్టు హాలుకు తీసుకుపోయి ఆ కార్డు ఎత్తడం ఒకసారి అలవాటు చేయించాలి. అప్పుడే బాత్రూం ఎక్కడ, నీళ్లెక్కడ, ఎవరెక్కడ కూర్చుంటారో కూడా చూపించాలి. పన్నెండేళ్ల లోపు పిల్లలకు ప్రమాణం చేయించనక్కర్లేదని, అయినా జడ్జి సామర్థ్యం తెలుసుకోవడానికి ప్రశ్నలడుగుతారని బిడ్డకు ముందే చెప్పి ఉంచాలి.

క్రాస్ ఒక్క రోజులో కాకుండా వాయిదా పడితే ఏం చేయాలన్నది పైపైన పోనిచ్చారు. బిడ్డను పదేపదే పిలవొద్దని 33(5) చెప్తున్నది, ఒడిశా కేసులో 2024లో సుప్రీంకోర్టు అదే ఆధారంగా బిడ్డను మళ్లీ పిలిపించడానికి ఒప్పుకోలేదు. కనీసం ఆ తీర్పు ప్రతి చేతికివ్వాల్సింది.

దుబాసీల సంగతి పది నిమిషాల్లో ముగించడం మాకు నచ్చలేదు. ములుగులో కోయ, మహబూబాబాద్ తండాల్లో లంబాడీ, ఆదిలాబాద్‌లో గోండి, పెద్దపల్లి ఇటుక బట్టీల్లో ఒడియా. ఉత్తర తెలంగాణలో ఇది అంచున ఉండే సమస్య కాదు. తండా నుంచే దుబాసీని తెస్తే నిందితుడికి చుట్టమయ్యే అవకాశం ఎక్కువ. దుబాసీల జాబితా జిల్లా బాలల పరిరక్షణ యూనిట్ దగ్గర ఉండాలని 2020 నిబంధనలు చెప్తున్నాయి. వేరే మండలం మనిషిని అడగడం, వాంగ్మూలానికి ముందు బిడ్డతో ఐదు నిమిషాలు మామూలు మాటలు మాట్లాడించి ఇద్దరిదీ ఒకే యాసనా అని చూడటం, దుబాసీ సొంత వివరణ కలపకుండా అడ్డుకోవడం... ఇవి నేర్పడానికి ఒక పూట పెట్టాలి.

జువెనైల్ జస్టిస్ బోర్డు సెషన్ చిన్నదే అయినా సూటిగా ఉంది. ఆరోపణ ఉన్న పిలగాడు నేల చూపులు చూసినా, నవ్వినా, బెంచీ మీద నిద్రపోయినా "పొగరు" అని రాసేస్తారు. భయానికీ అవే లక్షణాలని వకీలు చెప్పాలి, వీలైతే నిపుణుల నివేదికతో. పదహారు దాటినవాళ్ల మీద ఘోర నేరాల ఆరోపణ ఉంటే, పెద్దవాళ్లలా విచారించాలా అన్నది తేల్చడానికి జరిగే ప్రాథమిక అంచనా విషయంలో, బోర్డులో చైల్డ్ సైకాలజీ చదివి ప్రాక్టీసు చేసేవాళ్లు లేకపోతే నిపుణుల సాయం తప్పనిసరి అని 2022లో బరుణ్ చంద్ర ఠాకూర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాటను ఎట్లా వాడాలో చూపించారు.

వకీళ్ల సొంత అలసట గురించి ఆఖరి అరగంట. అప్పటికి ములుగు, భూపాలపల్లి బస్సుల వాళ్లు సంచులు సర్దుకుంటున్నారు. ఇది రెండో రోజు పొద్దున ఉండాల్సింది.

ఇక ఆ మూడో హామీ, ఎవ్వరికీ చెప్పనన్నది. పోక్సో 19 ప్రకారం నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పాలి. వకీలు కక్షిదారు మధ్య మాటలకు సాక్ష్య చట్టం రక్షణ ఉంది. బోర్డు కేసులో మన కక్షిదారైన పిలగాడు తన మీద ఇంట్లో జరిగినది మనకు చెప్తే వకీలు ఏం చేయాలి? ఈ ప్రశ్న రెండు రోజుల్లో మూడుసార్లు లేచింది. మొదటిసారి మాట మార్చారు, రెండోసారి భోజనం బెల్లు కొట్టారు, మూడోసారి రాతపూర్వకంగా పంపుతామన్నారు. ఈ సమీక్ష రాసే నాటికి రాలేదు. తర్వాతి బ్యాచ్‌లో చేరేవాళ్లు ఫీజు కట్టేటప్పుడే ఆ జవాబు అడిగి తీసుకోండి. మీ వెంట పాత కేసు వాంగ్మూలం ఒకటి, పేర్లు చెరిపేసి, తెచ్చుకోండి. "కదా"లు లెక్కపెట్టడానికి వాళ్లిచ్చే నమూనా కంటే అదే బాగా పనికొస్తుంది.